ఎడమచేతి కత్తెర

"దీన్ని సాన పట్టడమంటారా? గుడ్డ తెగట్లేదు, నములుతోంది" అంటూ ఆ యువకుడు కత్తెరను బల్ల మీద పెట్టాడు. పడేశాడనే అనాలి.

సానచక్రం ముందు స్టూలు మీద కూర్చున్న నాన్న కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ వీధిలోని కత్తులూ కత్తెరలూ ఆయన చేతిలోనే పదునెక్కాయి.

"నేను సాన పట్టింది తెగకపోవడమా? నీ చెయ్యే తిన్నగా లేదేమో బాబూ."

"నా చేతికేమైందండీ? ఆరేళ్ళుగా టైలర్ని."

లోపలి గదిలోంచి అమ్మడు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన ఒక్కగానొక్క కూతురు. ఆమె కత్తెర వైపు చూడలేదు. అతను దాన్ని పెట్టిన చేతి వైపు చూసింది.

"మీది ఎడమచేతి వాటమా?"

"అవును. అది కూడా నా తప్పేనా?"

"మీది కాదు, మాది. ఇలా ఇవ్వండి."

ఎడమచేతి కత్తెరకు బ్లేడ్లు తారుమారుగా ఉంటాయి, అంచు వాలు కూడా మారుతుంది. నాన్న చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ అన్నిటినీ ఒకేలా వాల్చి చక్రానికి ఆనిస్తుంది. అమ్మడు లోపలి గదిలోని చిన్న చక్రం మీద ఇరవై నిమిషాలు పనిచేసి, తడిగుడ్డ ముక్క తెచ్చి అతని చేతికిచ్చింది. మొన దాకా చప్పుడు లేకుండా తెగింది. అతను గుడ్డను నాలుగు మడతలు పెట్టి మళ్ళీ కోశాడు. తర్వాత గుడ్డను చూడాల్సింది పోయి ఆమెను చూశాడు.

"బాగా తెగుతోందండీ."

"తెగాలి. కొట్టు పెట్టుకున్నది అందుకేగా."

కొట్టు తనదే అన్నట్టు మాట్లాడిందిగానీ, అసలు బాధంతా అక్కడే ఉంది. మూడేళ్ళుగా పనిలో ముప్పాతిక ఆమే చేస్తోంది. కొట్టు అప్పగిస్తానని నాన్న ఇప్పటికి మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ పెయింటర్ వచ్చి కొత్త బోర్డుకి కొలతలు తీసుకెళ్ళాడు. మూడుసార్లూ నాన్న చివరి నిమిషంలో ఒకే మాట అన్నాడు: "నేనిక్కడ కూర్చునుండగా నన్ను దాటి నిన్నడిగేవాళ్ళు ఒక్కరు రానీ. ఆ రోజే దిగిపోతా."

ఎవరొస్తారు? మంగలాయన గుమ్మంలోనే "పెద్దాయన ఉన్నారా?" అంటాడు. హోటల్ వంటాయన తన కత్తుల కట్టను అమ్మడు చేతులు దాటించి మరీ నాన్న ఒళ్ళో పెడతాడు. సాయంత్రానికి అవన్నీ పదునెక్కేది లోపలి గదిలోనే. మెచ్చుకోళ్ళు మాత్రం స్టూలుకే. అమ్మడికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

అది చాలనట్టు, ఈ టైలర్ గురువారం గురువారం తయారయ్యేవాడు. నాన్న భోజనానికి ఇంటికెళ్ళే వేళ చూసుకుని మరీ వచ్చేవాడు.

"ఓనరు గారూ, దీనికి పదును తగ్గిందండీ."

"నేను ఓనర్ని కాదు. ఇది మొన్నేగా పట్టించారు?"

"పని ఎక్కువండీ."

నాలుగో గురువారం ఆమె కత్తెర విప్పి అతని ముఖం ముందు పెట్టింది.

"స్క్రూ దగ్గర ఒక్క నూలుపోగు లేదు. నేను వేసిన నూనె వేసినట్టే ఉంది. మీరు దీంతో గాలిని కూడా కోసినట్టు లేదు."

అతను కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. "వానొచ్చేలా ఉంది కదండీ."

"ఊరికే సాన పడితే కత్తెర అరిగిపోతుంది. ఆ మాత్రం తెలీదా?"

"తెలుసండీ. ఇంట్లో ఇంకో మూడున్నాయి."

ఆ వాన మరుసటి గురువారం వచ్చింది. కొత్త సానరాయి కొనడానికి వెళ్ళిన అమ్మడు, దాన్ని రెండు చేతులా మోసుకుంటూ తడిసి ముద్దై గుమ్మం దగ్గరికి చేరింది. లోపల టైలర్ నిలబడి ఉన్నాడు. స్టూలు మీద నాన్న చెయ్యి చాపి ఉన్నాడు.

"ఇటివ్వు బాబూ."

"ఆవిడొచ్చాక ఇస్తానండీ."

"నేనున్నాగా?"

"ఉన్నారండీ. కానీ ఆవిడకే ఇస్తాను."

చక్రం తిరగడం ఆగిపోయింది. నాన్న నెమ్మదిగా స్టూలు దిగాడు.

అమ్మడు రాయిని బల్ల మీద దించింది. మూడేళ్ళుగా ఎదురుచూసిన మాట వినపడింది, అదీ ఈ మనిషి నోట.

"కూర్చో నాన్నా. ఇది చెల్లదు."

"చెల్లకపోవడమేంటి?"

"ఈయన పదును కోసం రావట్లేదు. వచ్చిన ప్రతిసారీ వాడని కత్తెర తెచ్చాడు."

"అంటే దేనికోసం..." అంటూనే నాన్న ఆగిపోయాడు. టైలర్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆవిడ చెప్పింది నిజమేనండీ" అని అతను అమ్మడి వైపు తిరిగి చేతిలోని గుడ్డ మూట విప్పాడు. పొడవాటి పాత కత్తెర. పిడి నల్లగా నిగనిగలాడుతోంది. "మిమ్మల్ని చూడ్డానికి తెచ్చినవన్నీ మూలన పడున్నవే. ఇది మా గురువుగారిచ్చింది. రోజూ కోసేది దీంతోనే. ఇన్నాళ్ళూ ఇంట్లో నేనే రాయి మీద సవరించుకున్నాను, ఎవరికీ ఇవ్వలేదు. ఇది పాడైతే నాకింకోటి దొరకదు. మీరంటే నాకెంత ఇష్టమైనా కానీండి, పని రానివాళ్ళ చేతికి దీన్నివ్వను."

అమ్మడు కత్తెర అందుకుని అంచు మీద బొటనవేలు ఆనించి చూసింది. స్క్రూ చుట్టూ రంగురంగుల నూలుపోగులు. మొన దగ్గర చిన్న గంటు.

"ఎలా పడింది?"

"నిన్న చెయ్యి జారిందండీ. మీ గురించి ఆలోచిస్తూ..."

"ఇంత మంచి కత్తెర పట్టుకుని ఆలోచనలేంటండీ?"

కసిరిందేగానీ, నవ్వు దాచుకోవడానికి కత్తెర మీదికి వంగింది. అలాగే వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. కూర్చున్న సంగతి చక్రం తిరిగాక గానీ ఆమెకు తెలియలేదు.

నాన్న జేబులోంచి తాళాలు తీసి ఆమె పక్కన పెట్టాడు. గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"పెయింటర్‌కి నేనే చెప్తాలే. అమ్మడూ, ఆ అబ్బాయిని గురువారాలు రమ్మను. కత్తెర మాత్రం తేవద్దను, ఊరికే రమ్మను."