బొచ్చులోకి ఊదిన నాంచారి

రత్నాచల రాజ్యానికి పెద్ద కష్టం వచ్చిపడింది. భస్మదంతుడనే రాక్షసుడు రాకుమారి కుముద్వతిని బూడిదరంగు కుందేలుగా మార్చి, తన గుహలో అదే రంగు కుందేళ్ల మందలో కలిపేశాడు. ఆమెను గుర్తుపట్టి ఎత్తుకుంటే మాయంతా విడిపోతుంది. తప్పు కుందేలును ఎత్తినవాళ్లు తామూ కుందేళ్లైపోతారు.

రాజుగారి కుందేళ్ల కాపరి బయ్యన్నకు ఇద్దరు కూతుళ్లు. చిన్నది పోలమ్మ దూరం నుంచే కుందేలు రంగు, జాతి చెప్పేస్తుందని ఊరంతా మెచ్చుకునేది. పెద్దది నాంచారి బొచ్చులోకి ఊది, వెంట్రుక మొదలుదాకా చూస్తే గానీ చెప్పేది కాదు. ఆమెను మెచ్చినవాళ్లు లేరు. ఆ కుళ్లు నాంచారి కడుపులో నిప్పులా రగిలేది.

రాజు పోలమ్మనే పంపాడు. పోలమ్మ తిరిగి రాలేదు.

పీడా విరగడైందనుకుంది నాంచారి. కానీ బయ్యన్న కంచం ముందు కూర్చుని, "బంగారంలాంటి కన్నున్న పిల్ల పోయిందే" అని ఏడ్చేసరికి ఆమెకు ఒళ్లు మండింది. ఎదురుగా లేకపోయినా దానికే మెప్పు!

"నీ బంగారాన్ని నేనే తెస్తాలే నాన్నా" అని కొంగు బిగించి బయల్దేరింది.

ముళ్లడవి ఆమె చీరను చీల్చింది. ఊబి నడుందాకా లాగితే తీగ పట్టుకుని పైకొచ్చింది. గుహ వాకిట్లో కాపలా ఉన్న ఎలుగుబంటి, "ఎందుకొచ్చావు?" అంది.

"మా చెల్లెలి మీద గెలవడానికి."

"లోకంలో అందరూ ఏ పని చేసినా ధర్మం కోసమనే చెబుతారు. నువ్వొక్కదానివే నిజం చెప్పావు, పో" అని ఎలుగు పక్కకు తప్పుకుంది.

లోపల భస్మదంతుడు పకపకా నవ్వాడు. "మీ చెల్లి ఒక్క చూపు చూసి తప్పుదాన్ని ఎత్తింది. అదిగో, మందలోనే గెంతుతోంది. నీకెంతసేపు?"

"పొద్దుగూకేదాకా. తొందరైతే నువ్వు పడుకో."

నాంచారి దేన్నీ ఎత్తకుండా, నేలమీద బోర్లాపడి ఒక్కొక్కదాని బొచ్చులోకీ ఊదింది. వెంట్రుక మొదట్లో నీలం, నడుమ పసుపు, కొసన నలుపు. పుట్టుకతో కుందేళ్లయినవన్నీ అలాగే ఉన్నాయి. రెండింటికి మాత్రం మొదలు నుంచి కొసదాకా ఒకటే బూడిద. అవి మాయతో చేసిన కుందేళ్లు. ఒకటి రాకుమారి, ఒకటి పోలమ్మ. మరి ఏది ఎవరు?

ఇక ఊదినా లాభం లేదు. నాంచారి పళ్లు బిగబట్టి, జన్మలో అనని మాట అంది.

"పోలీ, నీ కంటికి సాటి లేదే."

ఒక కుందేలు ఊరికే మూతి ఆడిస్తూ కూర్చుంది. రెండోది చెవులు నిక్కబొడిచి, నమ్మలేనట్టు ఆమెకేసి చూసింది. నాంచారి ఆ మొదటిదాన్ని ఎత్తుకుంది.

గుహ ఫెళ్లున పగిలింది. రాక్షసుడు బూడిదై రాలాడు. కుముద్వతి, పోలమ్మ మనుషులై నిలబడ్డారు.

రాణి అయ్యాక కుముద్వతి తన కుందేళ్లశాల పెత్తనం నాంచారికి అప్పగించింది. ఇప్పుడు ఊరంతా నాంచారినే మెచ్చుకుంటుంటే, మూతి ముడుచుకోవడం పోలమ్మ వంతయింది.

"అక్కా, గుహలో అన్నావే, నిజమేనా?" అని ఒకరోజు అడిగింది.

"కుందేలుతో అన్నాను. నీతో కాదు" అని నాంచారి ఒక కుందేలును చెల్లెలి ఒళ్లో పెట్టింది. "ముందు ఊదు. తర్వాత చెప్తా."