సీలేరు మీద దొంగ ఈగ

ప్రేమ్‌కుమార్ శవం సీలేరు నదిలో తేలినప్పుడు అతని మెడకు చేపలు పట్టే ఆకుపచ్చ ఫ్లై లైన్ చుట్టుకుని ఉంది. చేపలు పట్టించే గైడు బండ మీద కాలుజారి పడ్డాడు, తన తాడే తనను చుట్టేసింది, అనుకున్నారు అందరూ. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చింది.

విశాఖపట్నంలో జీడిపప్పు ఎగుమతుల బోర్డు తగిలించిన ఒక ఆఫీసు ఉంది. అక్కడ ఎవరూ జీడిపప్పు ఎగుమతి చేయరు. దాని పై అంతస్తులో చీఫ్ జగదీష్ ఒక ఫొటోను బల్ల మీదుగా ఫల్గుణ వైపు తోశాడు.

"ఏం కనిపిస్తోంది?"

ఫల్గుణ చాలాసేపు చూశాడు. ప్రేమ్‌కుమార్, అతను ఒకే బ్యాచ్. ట్రైనింగ్‌లో ఒకే గది.

"ముడి ఉంది సార్."

"ఊఁ. నీళ్లు మెడకు తాడు చుట్టగలవు. ముడి వేయలేవు."

జగదీష్ రెండో ఫొటో తీశాడు. అందులో నెరిసిన మీసాల పెద్దమనిషి ఒకాయన పెద్ద చేపను ఎత్తి పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"డాక్టర్ వరహాలరావు. జలాంతర్గాముల సోనార్ మీద జీవితమంతా పనిచేశాడు. ఆయన తలలో ఉన్నదంతా ఇంకా ఏ కంప్యూటర్‌కీ ఎక్కలేదు. మనిషికున్న పిచ్చి ఒక్కటే, ఫ్లై ఫిషింగ్. ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను ఎరగా విసిరి చేపలు పట్టడం. ఏదో అంతర్జాతీయ క్లబ్ ఆయన్ని గెస్ట్‌గా పిలిచింది. సీలేరు ఒడ్డున, డొంకరాయికి పైన, నల్లమద్ది లాడ్జ్‌లో గైడెడ్ ట్రిప్. సిగ్నల్ ఉండదు, ఊరు ఉండదు. క్లబ్‌కి వెబ్‌సైట్ ఉంది. క్లబ్ మాత్రం లేదు."

"కిడ్నాపా?"

"ముందు ఆయన మునిగి చనిపోవాలి. అంటే, లోకం అలా నమ్మాలి. టోపీ ఒకచోట, బూటు ఒకచోట దొరుకుతాయి. మనం శవం కోసం నది గాలిస్తూ ఉంటాం. ఆయన ఇంకో దేశంలో, కిటికీలు లేని గదిలో, ప్రశ్నలకు జవాబులు చెబుతూ ఉంటాడు."

"ట్రిప్ ఆపేస్తే?"

"ఇంకో ట్రిప్ ప్లాన్ చేస్తారు. ఈసారి మనకు తెలియకుండా. రింగ్ లీడర్ విక్టర్ స్వయంగా మన గడ్డ మీద కాలు పెడుతున్నాడు. వాడి పాస్‌పోర్ట్‌లో నిజం ఒక్క ఫొటోయే. వాడు నాకు కావాలి. ప్రేమ్‌కుమార్‌ని గైడుగా పంపాను. ఇప్పుడు వాళ్లకు కొత్త గైడు కావాలి. నీ పేరు మణిదీప్. హిమాచల్‌లో ట్రౌట్ పట్టించేవాడివి."

అందులో సగం నిజమే. హిమాచల్ పోస్టింగ్‌లో ఫల్గుణ చేసిన పని వేరైనా, ఖాళీ వేళల్లో నేర్చుకున్నది మాత్రం ఇదే.

"రింగ్‌లో మన మనిషి ఒకరున్నారు. ఢిల్లీ నడుపుతోంది, ఎవరో నాకూ తెలీదు. 'ఈ నీళ్లకి ఎర్ర రెక్కలే పనిచేస్తాయట' అంటే, నువ్వు 'వాన వెలిశాకే' అనాలి."

ఫల్గుణ తలుపు దాకా వెళ్లాడు.

"ఇంకో మాట," అన్నాడు జగదీష్, తల ఎత్తకుండా. "ఆ కోడ్ ప్రేమ్‌కుమార్‌కి తెలుసు. చంపేముందు వాళ్లు అతన్ని చాలాసేపు ఉంచుకున్నారు. కోడ్ చెప్పినంత మాత్రాన మన మనిషేనని నమ్మకు."

* * *

అరకులో వలిసె పూలు పూసే కాలం. లోయంతా పసుపు ఆరబోసినట్టుంది. కాఫీ తోట పక్కనున్న చిన్న కెఫేలో సోని అతని కోసం ఎదురుచూస్తోంది. నల్ల కళ్లద్దాలు, మెడలో ముదురు ఎరుపు సిల్కు స్కార్ఫ్. రోడ్డు మీద పోయేవాళ్లు ఒకసారి చూసి, రెండోసారి తిరిగి చూసే రకం అందం. క్లబ్ తరఫున ఏర్పాట్లన్నీ ఆమెవే.

ల్యాప్‌టాప్‌లో సీలేరు మ్యాప్ తెరిచింది. "మీకు ముందున్న గైడ్ వేసిన ప్లాన్ బాగానే ఉంది, మణిదీప్‌గారూ. కొంచెం మార్చాలి. మొదటి రోజు డాక్టర్‌గారికి చేప పడాలి. ఎక్కడ?"

"లాడ్జ్ ముందు, పలచటి నీళ్లు ఉరికే చోట. మహసీర్ చేప అక్కడికి మేతకొస్తుంది."

"గుడ్. ఆయన సంతోషంగా ఉండాలి. రెండో రోజు పొద్దున ఆయన్ని కింది మడుగు దగ్గర ఒంటరిగా నిలబెట్టాలి. మీరు విక్టర్‌తో పై మడుగు దగ్గర ఉండండి."

"పెద్దాయన. కింది మడుగు లోతు. పక్కన గైడు లేకుండా..."

"విక్టర్ మనిషి నికో ఉంటాడు, బోటుతో. మోటార్ బోటు."

"లైఫ్ జాకెట్ ఆయన కొలత చెబితే తెప్పిస్తాను."

సోని కాఫీ కప్పు ఎత్తింది. "దొరక్కపోతే ఇబ్బంది లేదు."

ఫల్గుణ తలూపి రాసుకున్నాడు. రాడ్లు, లైన్ చుట్టే రీళ్లు, నడుం దాకా వచ్చే రబ్బరు వేడర్లు, జీపు, వంటమనిషి, బోటుకు పెట్రోలు. ఒక మనిషిని మాయం చేయడానికి కావలసినవన్నీ తన చేత్తోనే సర్దుతున్నాడు. ఏది సరిగా లేకపోయినా వాళ్లకు అనుమానం వస్తుంది. అందుకని అన్నీ చక్కగానే సర్దాలి.

"ఫ్లైలు?" అంది సోని, మ్యాప్ మూస్తూ. "ఈ నీళ్లకి ఎర్ర రెక్కలే పనిచేస్తాయట."

కెఫేలో ఎవరో గిన్నె కింద పడేశారు. ఫల్గుణ పెన్ను మూత పెట్టాడు.

"వాన వెలిశాకే."

ఆమె గొంతు తగ్గింది. "రెండో రోజు పొద్దున బోటులో అవతలి గట్టుకి, ఒడిశా వైపు. అక్కడ వ్యాన్ ఉంటుంది. అది కుదరకపోతే ఇటు మారేడుమిల్లి ఘాట్ రోడ్డు."

"ప్రేమ్‌కుమార్?"

ఆమె కప్పు కింద పెట్టింది. "నేను ఇక్కడ అరకులో ఉన్నాను. తెలిసేసరికి అయిపోయింది."

నల్లద్దాల వెనక ఏముందో కనిపించలేదు. ఆ కోడ్ ఆమెకు ఢిల్లీ ఇచ్చిందా, చావబోయే మనిషి నోటి నుంచి వచ్చిందా?

ఫల్గుణ నిర్ణయం తీసుకున్నాడు. "మన టీమ్ ఒడిశా గట్టున వ్యాన్ దగ్గర కాపు కాస్తుంది. ఎవరికీ తెలియకూడదు."

అబద్ధం. జగదీష్ ఇవ్వగలిగింది నలుగురినే. అంతకు మించి కొత్త మొహాలు తిరిగితే కొండల్లో దాగదు. ఆ నలుగురినీ ఫల్గుణ ఇవతల మారేడుమిల్లి రోడ్డులో, లాడ్జ్‌కి దగ్గరి మలుపులో పెట్టించబోతున్నాడు. లెక్క తేలిక. సోని శత్రువైతే ఈ మాట విక్టర్‌కి చేరుతుంది. వాళ్లు ఒడిశా గట్టు వదిలేసి ఘాట్ రోడ్డు పడతారు. తిన్నగా వలలోకి వస్తారు.

సోని నిజంగా మన మనిషే అయితే ఏమవుతుందన్న ఆలోచన అతనికి వచ్చింది. కానీ కళ్ల ముందు ఫొటోలోని ముడి మెదిలింది.

* * *

నల్లమద్ది లాడ్జ్ చుట్టూ అడవి తప్ప ఏమీ లేదు. జీపు దిగి డాక్టర్ వరహాలరావు గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. "ఏటయ్యా ఈ సోటు! స్వర్గానికి రోడ్డేసినట్టున్నాది!" చదువంతా ఇంగ్లీషే అయినా ఉత్సాహం వస్తే ఆయన నోట విజయనగరం పలుకుతుంది.

ఆయనకు ఏమీ చెప్పలేదు. చెబితే ఆ మొహం ఏదీ దాచలేదు. ఫల్గుణ ఈకలతో కట్టిన ఎర్ర ఫ్లై ఒకటి తీసి ఆయన చొక్కా కాలరుకు గుచ్చాడు.

"దొంగ ఈగ సార్. మా గైడ్ల సెంటిమెంటు. తీయకండి."

దాని కడుపులో బియ్యపుగింజంత ట్రాన్స్‌మిటర్ ఉంది. రిసీవర్ ఫల్గుణ రీల్‌లో ఉంది.

సాయంత్రం ఎండ వాలేలోగా డాక్టర్‌గారికి మహసీర్ పడింది. మోచేతి పొడవు, బంగారు పొలుసులు. ఆయన దాన్ని నీళ్లలోనే నిమిరి వదిలేశాడు. విక్టర్ చప్పట్లు కొట్టాడు. ఎత్తుగా, తెల్లగా, మర్యాదగా ఉంటాడు. నవ్వేటప్పుడు కళ్లు మాత్రం నవ్వవు. నికో చప్పట్లు కొట్టలేదు. బోటు మోటారు తుడుచుకుంటూ కూర్చున్నాడు. సోని విక్టర్ పక్కనే ఉంది. రోజంతా విక్టర్ ఆమెను పక్కనుంచి కదలనివ్వలేదు.

వేడినీళ్ల కోసం ఫల్గుణ వంటపాకలోకి వెళ్తే, యర్రమ్మ రాగిపిండి జల్లిస్తోంది. డొంకరాయి దగ్గరి గూడెం మనిషి.

"బాబూ, రేపు రేతిరికి ఇద్దరు మనుసులికి బువ్వ తగ్గించి వొండమన్నారు. ఎవలు ఎలిపోతన్నారేటి?"

"ఎవరు చెప్పారు, యర్రమ్మత్తా?"

"ఆ నల్లద్దాల గుంట. రెండుసార్లు సెప్పింది, ఇద్దరికి, ఇద్దరికి అని. ఏటో, ఆ తెల్లబాబు సూస్తా ఉంటే ఆ పిల్ల మొకంలో నెత్తురు నేదు."

ఇద్దరు. డాక్టర్ ఒకరు. ఫల్గుణ వేడినీళ్ల గిన్నె అందుకున్నాడు. రెండో మనిషి తనే. తన చావుకు కూడా కొలతలు ఇస్తోంది సోని. ఇక సందేహం లేదనుకున్నాడు.

* * *

తెల్లవారి మంచు నది మీద గోడలా నిలబడింది. సోని, నికో డాక్టర్‌ని కింది మడుగుకి తీసుకెళ్లారు. పై మడుగు దగ్గర ఫల్గుణ లైన్ విసురుతూ విక్టర్‌కి చూపిస్తున్నాడు. వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి. కళ్లు మాత్రం రీల్ లోపలి చిన్న డయల్ మీద ఉన్నాయి.

కింది మడుగు వైపు నుంచి మోటారు శబ్దం వినిపించింది. డయల్‌లో ముల్లు కదిలింది.

ఇటు రావాలి. లాడ్జ్ వైపు, జీపు వైపు, ఘాట్ రోడ్డు వైపు.

ముల్లు అటు తిరిగింది. నది మధ్యకు. ఒడిశా గట్టు వైపు.

 ప్లాన్ మారలేదు. సోని ఎవరికీ చెప్పలేదు. తను చెప్పొద్దన్నాడని చెప్పలేదు! వంటమనిషితో ఇద్దరికి తగ్గించమని రెండుసార్లు చెప్పింది తనను హెచ్చరించడానికే. విక్టర్ పక్కన ఉండగా అంతకంటే ఏం చేయగలదు? అక్కడ కాపు ఉందన్న ధైర్యంతో ఇప్పుడు ఆ బోటులో కూర్చుని ఉంది. అక్కడ ఒక్కడూ లేడు.

"చేయి బాగా తిరిగింది, మణిదీప్," అన్నాడు విక్టర్ వెనక నుంచి, ఇంగ్లీషులో. "ముందు గైడ్ కంటే బాగా. డాక్టర్‌ని కాపాడబోయి గైడు కూడా మునిగిపోయాడంటే ఎవరైనా నమ్ముతారు."

పిస్టల్ సేఫ్టీ క్లిక్‌మంది.

ఫల్గుణ తిరగలేదు. గాలిలో ఉన్న లైన్‌ను వెనక్కి విసిరాడు, మామూలు కంటే కిందుగా. కొక్కెం విక్టర్ మణికట్టులో దిగింది. రాడ్‌ను బలంగా లాగాడు. గుండు నీళ్లలోకి దూసుకుపోయింది, పిస్టల్ రాళ్ల మధ్యకు జారిపోయింది. విక్టర్ అరిచే లోపల ఫల్గుణ మోచేయి అతని కణత మీద పడింది. కొక్కెం ఊడదీసుకుని, రాడ్ చేత్తోనే పట్టుకుని పరుగెత్తాడు.

బండల మీంచి, తుప్పల మీంచి. చెవిలోని వైర్‌లెస్‌లో టీమ్‌ను కేకేశాడు. "అటు కాదు! నదికి రండి, బేగి!" గాభరాలో తన ఊరి మాట వచ్చేసింది. వాళ్లు వచ్చేసరికి ఆలస్యమవుతుందని తెలుసు.

కింది మడుగు దాటాక నది రెండు బండల మధ్య సన్నబడుతుంది. బోటు ఆ సందు గుండానే పోవాలి. ఫల్గుణ ఇవతలి బండ ఎక్కేసరికి బోటు మంచులోంచి బయటికొచ్చింది. వెనక నికో, ఒక చేయి మోటారు మీద, ఒక చేతిలో తుపాకి. ముందు డాక్టర్, నోటికి గుడ్డ. మధ్యలో సోని. అవతల చెట్ల కింద తెల్ల వ్యాన్, తలుపు తెరిచి ఉంది.

సోని అతన్ని చూసింది. తర్వాత ఖాళీ గట్టును చూసింది. ఆమెకు అర్థమైంది.

కాల్చడానికి ఫల్గుణ దగ్గర ఏమీ లేదు. మోటారు నుంచి నికో మణికట్టుకు ఎర్రటి తాడు, స్ప్రింగులా మెలికలు తిరిగి వేలాడుతోంది. నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజన్ దానంతటదే ఆగిపోవడానికి పెట్టే తాడు అది. సోని తల అడ్డంగా ఉంది.

ఆమె స్కార్ఫ్ సర్దుకుంటున్నట్టు పక్కకు వంగింది.

ఫల్గుణ లైన్ వదిలాడు. అది మంచులో పొడవుగా విచ్చుకుంటూ పోయింది. కొక్కెం ఎర్ర తాడు మీద వాలి, జారి, మెలికలో చిక్కుకుంది. అతను రెండు చేతులా వెనక్కి గుంజాడు.

మోటారు దగ్గి ఆగిపోయింది.

నికో తుపాకి ఎత్తాడు. సోని తెడ్డు అంతకంటే ముందు లేచింది. గుండు ఆమె భుజాన్ని చీల్చుకుపోయింది. తెడ్డు నికో దవడకు తగిలింది. అతను వెల్లకిలా నీళ్లలో పడ్డాడు. బోటు గిర్రున తిరిగి, ప్రవాహంతో ఇవతలి బండకు వచ్చి గుద్దుకుంది. అవతల వ్యాన్ తలుపు మూసుకుంది. ఖాళీగానే వెళ్లిపోయింది.

టీమ్ వచ్చేసరికి నికో ఒక బండ పట్టుకుని వేలాడుతున్నాడు. ఇద్దరు అతన్ని బయటికి లాగారు. ఇద్దరు పై మడుగు వైపు పరుగెత్తారు. విక్టర్ ఇంకా స్పృహలోకి రాలేదు.

ఫల్గుణ సోని భుజానికి గుడ్డ కట్టాడు. ఆమె కళ్లద్దాలు నదిలో పడిపోయాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"టీమ్ ఏ వైపు నుంచి వచ్చిందో చూశాను," అంది.

"అవును. మిమ్మల్ని నమ్మలేదు."

"ప్రేమ్ నా పేరు చెప్పలేదు. చివరిదాకా చెప్పలేదు. అందుకే నేను బతికున్నాను." నొప్పికి పళ్లు బిగబట్టింది. "అతని సంగతి మీకు తెలియాల్సింది. హిమాచల్‌లో ట్రౌట్ పట్టే ఫ్రెండు, తను ట్రైనింగ్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లమని చెప్పేవాడు."

 ముడి వేసే ఫల్గుణ వేళ్లు ఆగాయి. ఆమె తన చేత్తోనే కొస లాగి బిగించుకుంది.

అంతలో డాక్టర్ వరహాలరావు నోటికున్న గుడ్డ పీకేసుకున్నాడు. వేడర్లలోంచి నీళ్లు కారుతున్నాయి. బోటు వైపు, ఎర్ర తాడు ఊడిన మోటారు వైపు, బండ మీదున్న ఫల్గుణ వైపు మార్చి మార్చి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"లైన్ బాగా వేశావయ్యా. మణికట్టు మాత్రం కొంచెం ఎక్కువ వంచేశావు."