రెండో లైను

ఓడ మూడింటికి. ఇప్పుడు రెండూ నలభై!

గ్లెండా వేళ్లు కీబోర్డు మీద పరుగెడుతున్నాయి.

కిటికీ అవతల ఫిలిప్పీన్స్‌లోని సెబూ రేవు. అక్కడ క్యూలో ఆమె తమ్ముడు ఎల్మెర్. సోమవారం చేపల మార్కెట్లో ఒక హత్యను కళ్లారా చూశాడు.

హంతకుల మనుషులు గేటు దగ్గరే కాపు కాశారు. వాళ్లకు ఎల్మెర్ ముఖం తెలియదు. పేరు తెలుసు. గేటు దగ్గర పేరు పిలిచే ఎక్కిస్తారు.

అందుకే మారుపేరుతో టికెట్. టియోఫిలో కబాహుగ్.

డబ్బు కట్టింది మాత్రం అక్క ఫోన్ నుంచి... ఆ జాడ తను పనిచేసే ఈ ఓడల కంపెనీ సర్వర్‌లోనే ఉంది.

చెరిపెయ్యాలి!

నలభై వేల ఫైళ్లు. మాటను వెతికిపెట్టే గ్రెప్ కమాండ్, పక్కన మారుపేరు. ఎంటర్!

"అన్నం తిన్నావా, ఇండాయ్?"

ఉలిక్కిపడింది. వెనక సీట్లో సూపర్‌వైజర్ రుఫినో, కొబ్బరాకు పొట్లం విప్పుతున్నాడు.

"తర్వాత తింటాను, నోంగ్."

"ఎండుచేపలా అయ్యావు. పిల్లి కూడా వాసన చూసి వదిలేస్తుంది!"

నవ్వింది. పదిహేనేళ్లుగా ఆమె అతనికి ఇండాయ్, చిట్టితల్లి; అతను ఆమెకు నోంగ్, అన్న. ఈ కమాండ్లన్నీ నేర్పింది ఆయనే.

నాలుగు నిమిషాలు... ఆరు ఫైళ్లు దొరికాయి. చెరిపేసింది. ఎక్కేవాళ్ల జాబితా అప్పటికే అచ్చయి గేటుకు వెళ్లిపోయింది.

అమ్మయ్య!

ఇంకెవరైనా వెతుకుతున్నారా? సర్వర్‌లో ఎవరు ఏ కమాండు నడుపుతున్నారో చూపే జాబితా తెరిచి, అందులో 'గ్రెప్' కోసం వెతికింది. ఎప్పుడూ ఒక లైను వస్తుంది. అది తన వెతుకులాటే. వెతికేవాళ్లను వెతికితే ముందు దొరికేది మనమే. ఆ లైనును ఎవరూ లెక్కచెయ్యరు.

ఇవాళ రెండు లైన్లు!

రెండోది రుఫినోది. అదే జాబితాలో అతను వెతుకుతున్న మాట... గ్లెండా.

తను కొట్టిన ప్రతి కమాండూ, అది నడిచినంతసేపూ, అక్షరం పొల్లు పోకుండా అతని స్క్రీన్ మీద ఉంది!

కుర్చీ తిప్పింది. రుఫినో చెవి దగ్గర ఫోన్.

"పొద్దుట్నుంచీ నీ తమ్ముడి అసలు పేరుతో వెతికాను. ఒక్క ఫైల్లోనూ లేడు." గ్లెండా వైపు తిరిగాడు. "మారుపేరు నువ్వే కొట్టిపెట్టావు, తల్లీ."

"నోంగ్... చెప్పకండి! మీ కాళ్లు పట్టుకుంటాను!"

"చెప్పేశాను. నా కొడుకు వాళ్ల చేతుల్లో ఉన్నాడు."

అతని ఫోన్లోంచి గేటు దగ్గరి మైకు వినిపిస్తోంది.

"టియోఫిలో కబాహుగ్!"

"ఇక్కడే, సార్!" ఎల్మెర్ గొంతు.

ఢాం!

ముందు ఫోన్లో.

మరుక్షణం... కిటికీలోంచి.