మూత మీది బొట్టు

రాయపురంలో గూడ్సుబండ్ల వంతెన కిందున్న పల్లపు దారికి మంచి పేరు లేదు. వానాకాలం చీకటి పడ్డాక గర్భిణులు ఆ దారిన పోకూడదనేవాళ్ళు. కన్నియమ్మ అనే మంత్రసాని ఒక ముసురు రోజు ఎవరి కాన్పుకో పరిగెడుతూ, చంకలో పాత గుడ్డల మూటతో, ఆ నీళ్ళలోనే మునిగి చచ్చిపోయిందట. అప్పట్నించీ అక్కడ బండ్లు ఆగిపోతాయట... "ఆగిపోవు, అదే ఆపుతుంది" అని గొంతు తగ్గించి సరిదిద్దేవాళ్ళు కొందరు.

పనిలేనివాళ్ళ కబుర్లని కొట్టిపారేసేవాడు హెడ్మాస్టరు కోటిలింగం. పగటిపూట కొట్టిపారెయ్యడం ఎవరికైనా సులువే.

డెబ్బై ఆరు నవంబరు. తుపాను వాన. రాత్రి ఏడింటికే కరెంటు పోయింది. అప్పుడే కూతురు హైమకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు, తల్లి లేని పిల్ల, అల్లుడేమో బొంబాయిలో. రిక్షా దొరకలేదు. తన పాత కారు వెనక సీట్లో ఆమెను పడుకోబెట్టి ఆసుపత్రికి బయలుదేరాడు. పెద్దరోడ్డు మీద చెట్టు కూలింది. ఇక మిగిలింది ఆ పల్లపు దారే.

సరిగ్గా వంతెన కిందికి వచ్చేసరికి నీళ్ళు బానెట్టు మీదికి ఎగజిమ్మాయి. కారు రెండు దగ్గులు దగ్గి — ఆగిపోయింది.

సెల్ఫు కొట్టాడు. ఇంజను తిరుగుతోంది గాని అంటుకోవడం లేదు. చోకు లాగాడు. ఊహూఁ.

"నాయనా... ఇంక నా వల్ల కాదు."

"ఇదో అయిపోయె, అమ్మణ్ణీ. ఒక్క నిమిషం!"

మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, టార్చి నోట కరుచుకుని బానెట్టు ఎత్తాడు. పెట్రోలు వస్తోంది. తడిసిందల్లా ప్లగ్గులకు కరెంటు పంచే మూత, దాని తీగలు. తుడిస్తే చాలని తెలుసు. దేంతో తుడవడం? ఒంటి మీద పొడి పోగు లేదు. తువ్వాలే పిండి పిండి తుడిచాడు. మూత మీద మొన్న ఆయుధపూజకు తాను పెట్టిన గంధం, కుంకుమ బొట్టు వేలెడు మందాన ఉంది. చుట్టూతా తుడిచి, దాన్ని మాత్రం తాకలేదు. కూతురు నొప్పులు పడుతుంటే ఎవడైనా బొట్టు చెరుపుతాడా!

మళ్ళీ సెల్ఫు. మళ్ళీ అదే మూలుగు. బ్యాటరీ నీరసపడుతోంది. నీళ్ళు తలుపు అంచుకు వచ్చాయి. కోటిలింగానికి అప్పుడు భయమేసింది — తన కోసం కాదు. మళ్ళీ నీళ్ళలోకి దిగి, టార్చితో ఇంజను మీదికి వంగాడు.

"సామీ..."

చెవి పక్కనే.

టార్చి జారి నీళ్ళలో పడింది. చీకట్లో ఎవరో ముసలి ఆడమనిషి. వచ్చేటప్పుడు నీళ్ళు కదిలిన చప్పుడైనా లేదు...

"ఆ మూత మీద బొట్టు తుడిచెయ్ సామీ. తడంతా ఆడుంది."

"బొట్టా? ఇప్పుడా? అపశకునం..."

"శకునం కోసం బిడ్డ ఆగదు సామీ. తుడువు."

చేతిలోకి ఒక గుడ్డ వచ్చింది. కులదైవానికి లెంపలేసుకుని, తడుముకుంటూ బొట్టు గీకేశాడు. మూత ఊడదీసి లోపలా బయటా తుడిచి బిగించాడు.

సెల్ఫు కొట్టగానే ఇంజను బుర్రుమంది!

తెల్లారేసరికి మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆసుపత్రి గేటు దగ్గర కారు చూడటానికి వచ్చిన మెకానిక్కు వరదయ్య, సంగతి విని పడీ పడీ నవ్వాడు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు సార్. ఎండిన గంధం నీళ్ళు పీల్చుకునింది. కరెంటంతా ఆ దోవనే కారిపోయింది. దారిన పోయే ముసల్దానికి తెలిసినంత మీకు తెలియలేదే!"

కోటిలింగమూ నవ్వాడు. నవ్వుతూనే తడి జేబులోంచి ఆ గుడ్డ తీశాడు. పసిబిడ్డకు చుట్టే పాత నూలుగుడ్డ. ఒక మూల గంధం, కుంకుమ, నల్లటి మరక. మిగతాదంతా ఎండలో ఆరేసి మడిచినంత పొడిగా ఉంది.

నవ్వు ఆగిపోయింది. గబగబా వార్డులోకి నడిచాడు.

బిడ్డను పక్కలో వేసుకుని హైమ తలుపు వైపే చూస్తోంది.

"నాయనా, ఆ ముసలామె ఏది? వంతెన కాడినుంచి నా చెయ్యి వదల్లేదు. బిడ్డను చూపించాల. 'ఈసారి చేరుకున్నానమ్మా' అని దారి పొడుగునా ఒకటే ఏడ్చింది, పాపం..."