దీర్ఘం తప్పిన మాట

పావగడ బస్టాండు పక్కన శెనగకాయల మండీ నడిపే రామాంజినేయులుకు సరుకు అంచనా వేయడంలో పేరుంది. బస్తాలోంచి గుప్పెడు కాయలు మచ్చుకు తీసి, రెండు ఒలిచి నోట్లో వేసుకుంటే చాలు. పప్పెంత, పొల్లెంత చెప్పేస్తాడు. మనుషుల విషయంలోనూ అదే పద్ధతి. ఆ పద్ధతి మొదటిసారి బెడిసికొట్టింది ఒక బెల్లం పొట్లం దగ్గర.

మండీకి ఆనుకుని చిల్లర అంగడి కూడా ఉండేది. నిడుగల్లు ఊరి రైతు చిక్కన్న కాయలు తూకం వేయించుకుంటుంటే, ఆయన కూతురు రంగక్క అరకిలో బెల్లం కట్టించుకుని వెళ్ళి, పది నిమిషాల్లో విసవిసా తిరిగొచ్చింది.

"ఏమ్మా, బెల్లం బాగలేదా?"

"బెల్లం బాగుండాది. కథే సగంలో తెగిపోయింది. దీని తర్వాతి కాగితం ఇయ్యప్పా," అంటూ పొట్లం విప్పిన కాగితం చాపింది. ఏదో వారపత్రికలో సీరియల్ పేజీ అది.

"తర్వాతి కాగితంలో మిరపకాయలు కట్టిచ్చినా. ఆయప్ప తిరుమణి బస్సెక్కి పోయినాడు."

"మరి ఈ పిల్ల పెండ్లికి ఒప్పుకునిందో లేదో నాకెట్ల తెలియల్ల?"

"నేను పొట్లాలు కట్టేటోన్ని. కథలు చెప్పేటోన్ని కాదు."

"చదవకుండానే చింపినావా? గొర్రెను కోసేటోడు గూడా ఒకసారి దాని మొగం చూస్తాడప్పా!"

చుట్టూ ఉన్న రైతులు పగలబడి నవ్వారు. రామాంజినేయులు చెవులు ఎర్రబడ్డాయి. ఈ సరుకు మచ్చుకు అందేది కాదని అతనికి అప్పుడే అర్థమైంది.

మరుసటి సంత లోపల అతను హిందూపురం దాకా పోయి, అదే పత్రిక ఇంకో ప్రతి వెతికి తెచ్చాడు. రంగక్క అంగడి ముందుకు రాగానే చేతికిచ్చి, "ఒప్పుకునింది," అన్నాడు.

"ఎవురు?"

"కథలో పిల్ల. నువ్వింకా చెప్పల్ల."

రంగక్క అతన్ని కింది నుంచి పైదాకా ఒకసారి తూచింది. "ముందు చదవనీ," అంది.

చదివింది. ఆరా తీస్తే దూరపు చుట్టరికం కూడా తేలింది. ఆ ఏడు వాన మొగం చాటేసింది గానీ, పెళ్ళినాడు మాత్రం నాలుగు చినుకులు రాలాయి. పైరుకు పనికిరాని వాన. ఫోటోలో పెళ్ళికూతురి బుగ్గ మీద మెరవడానికి మాత్రం పనికొచ్చింది.

చదివి చదివి రంగక్క రాయడం మొదలుపెట్టింది. చిక్కల్లా అక్షరాలతోనే. ఊరు కర్ణాటకలోది కాబట్టి ఆమె చదువుకున్నది కన్నడ బడి. అచ్చులో తెలుగు గడగడా చదువుతుంది కానీ, పెన్ను పట్టుకుంటే వచ్చేవి కన్నడ అక్షరాలే. మాట తెలుగు, రాత కన్నడం. ఆంధ్ర వైపు మడకశిర తెలుగు బడిలో చదివిన రామాంజినేయులు దాన్ని తెలుగు అక్షరాల్లోకి ఎక్కించేవాడు. మధ్యమధ్య కన్నడ మాటలే దొర్లితే, పప్పులో మట్టిగడ్డలు ఏరినట్టు ఏరేసి తెలుగు మాటలు పెట్టేవాడు. ఆ పొత్తులో తయారైన నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా మొదలైంది. పదహారో భాగం దగ్గర పాప పుట్టింది.

ఇక రోజు రోజులా లేదు, చిల్లర కింద మారిపోయింది. పాలకు కొంత, గుడ్డలకు కొంత, నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెకు కొంత. అంత చిల్లరలోనూ రంగక్క ఒక పని మానలేదు. పాప పాలు తాగుతుంటే ఒక చేత్తో పాపను, ఇంకో చేత్తో అద్దె నవలను పట్టుకునేది. మధ్యాహ్నం పాప నిద్రపోతే ముందు ఆ నవల చదివి, తనలో తాను నవ్వుకుని, ఆ తర్వాతే తన కాగితాలు తీసేది.

రామాంజినేయులు వారం రోజులు గమనించి, ఎక్కడ తరుగు పోతున్నదో కనిపెట్టాడు.

"ఏమే రంగా, పాప పండుకునేది గంటన్నర. అందులో ముక్కాలు గంట నీ చదువుకే పోతాది. అది మిగిలిస్తే చాప్టరు అయిపోతాది కదా?"

"ఎద్దుకేసే మేత మిగిలిస్తే సేద్యం అయితాదా?"

"జోకులొద్దు. సీరియల్ అయినాక ఇష్టమొచ్చినన్ని చదువుకో. అందాకా టైం టేబుల్ ఏస్తా."

గడప దగ్గర బియ్యం ఏరుతున్న అతని తల్లి సుబ్బక్క తలెత్తింది. "పాప ఏడ్చేది ఎన్ని గంటలకో అదీ రాసిపెట్టు నాయనా. దానికీ తెలియల్ల గదా!"

అతను వినలేదు. క్యాలెండరు వెనక టైం టేబుల్ గీసి గోడకు అంటించాడు. గూట్లో ఉన్న మూడు నవలలూ అద్దె షాపుకు తిరిగిచ్చేశాడు. రంగక్క ఖాళీ గూడు వైపు చూసి, "సరేప్పా," అంది. అంతే. ఆ "సరే"ను మచ్చు తీసి చూడాల్సింది. చూడలేదు.

పది రోజులైనా పెన్ను కదల్లేదు. ఎదురుగా తెల్లకాగితం, గోడ మీద టైం టేబుల్, ఒళ్ళో పాప.

"గంటన్నర మొత్తం నీదే గదా, ఎందుకు రాదు?" అని అడిగాడు.

"ఇంకొకరి కథలో ఏమైతాదో అని గుండె కొట్టుకుంటేనే నా కథ కదులుతాదప్పా. ఇప్పుడు గడియారం ఒక్కటే కొట్టుకుంటా ఉండాది."

అంతలో పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా చివరి భాగం అందకపోతే తామే నాలుగు వాక్యాల్లో కథ ముగిస్తామని. అది చదివి రంగక్క ఏడవలేదు, అరవలేదు. పాపను భుజాన వేసుకుని, "మా అమ్మ దగ్గరన్నా రాయగలుగుతానేమో చూస్తా," అని నిడుగల్లు బస్సెక్కింది.

వారం తర్వాత మామ చిక్కన్న కాగితాల కట్ట తెచ్చిచ్చాడు. చివరి భాగం!

రామాంజినేయులు బస్తా మీద కూర్చుని అక్కడికక్కడే చదివాడు. కథలో హీరోయిన్ టీచరమ్మ, హీరో ఎరువుల అంగడివాడు. ప్రతిదీ కొలిచే మనిషి. అది ఎవరి పోలికో అతనికి ముందే తెలుసు. చివర్లో ఆ అంగడివాడు టీచరమ్మను బస్టాపులో నిలబెట్టి అడుగుతాడు: నన్ను పెళ్ళి చేసుకుంటావా? కన్నడ అక్షరాల్లో ఆమె జవాబే ఆఖరి వాక్యం.

"నేను కోరుకున్నది నిన్నె."

రామాంజినేయులు ఆ మాట మళ్ళీ చదివాడు. కన్నడంలో నిన్నె అంటే నిన్న. కోరుకున్నది నిన్న! అంటే ఈ రోజు కాదు. కాగితం తిప్పి చూశాడు. వెనక ఇంకేమీ లేదు.

పుస్తకాలు ఉన్న నిన్న, టైం టేబుల్ లేని నిన్న. కథలో టీచరమ్మ చెప్పిన మాట నేరుగా వచ్చి అతని గుండెలో దిగింది. అయినా రాత పని రాత పనే. కన్నడ మాట కనిపిస్తే మార్చడం అతని అలవాటు. "నేను కోరుకున్నది నిన్న" అని తెలుగులో దించి, చుక్క పెట్టి, కవరు అంటించి రిజిస్టరు పోస్టులో వేశాడు.

మర్నాడు పొద్దున్నే గోడ మీద టైం టేబుల్ పీకేశాడు. అద్దె షాపులో ఆ మూడు నవలలూ, కొత్తవి ఇంకో రెండూ తీసుకుని నిడుగల్లు బస్సెక్కాడు.

రంగక్క అరుగు మీద కూర్చుని ఉంది. వెనకాల కొండ మీద పాత కోట గోడ, కింద మేకలు. ఒళ్ళో పాప ఒక కాగితాన్ని శ్రద్ధగా నములుతోంది.

"పుస్తకాలు తెచ్చినా," అన్నాడు సంచి కింద పెట్టి.

"టైం టేబుల్లో లేదు గదప్పా?"

"చింపేసినా. రంగా, తప్పు నాదే. నీకు నిన్నంటేనే ఇష్టమని తెలిసింది. ఈ పొద్దును గూడా కొంచెం ఇష్టపడేటట్ల చేస్తా."

"నిన్నంటే? ఎవుర్నంటే?"

"ఎవుర్నీ కాదు. నిన్న. అయిపోయిన నిన్న. నువ్వే రాస్తివి గదా, కోరుకున్నది నిన్నె అని."

రంగక్కకు సంగతి అర్థమైంది. నెత్తిన చేయి పెట్టుకుంది. "అయ్యో నా మొగుడా! నిన్న కాదు. నిన్నే! నిన్... నే!" అంటూ వేలితో అతని గుండె మీద రెండుసార్లు పొడిచింది.

"మరి దీర్ఘం యాడ?"

"కన్నడంలో దీర్ఘం తోక పక్కన విడిగా గీయల్ల గదా, అది గీసేటప్పుడే నీ బిడ్డ ఎగిరి తన్నింది. పెన్ను పోయి అరుగు కింద పడింది. దాన్ని ఎత్తుకొచ్చి సంతకం పెట్టినా గానీ తోక మరిచినా."

రామాంజినేయులు మొహం వెలిగింది. ఆ వెలుగు ముక్కు దాకా వచ్చి అక్కడే ఆరిపోయింది.

"రంగా, పోస్టు చేసేసినా."

"ఏమని?"

"నిన్న... అని."

"టీచరమ్మ వద్దనేసిందా? నలభై వారాలు చదివినోళ్ళు నన్ను బతకనిస్తారా? నడువు, బస్సుకు!"

బస్సులో పాప అతని ఒళ్ళో, నవల ఆమె చేతిలో. "ఏమే, కొంపలు మునిగిపోతుంటే చదువుతావా?" అంటే, "ఈ కథలో పిల్ల ఇంట్లో చెప్పకుండా ఊరు దాటుతా ఉండాది, పలకరించొద్దు," అంది తల ఎత్తకుండా. ఆ మొహంలో పాత నవ్వు చూసి అతను నోరు మూసుకుని పాపను ఆడించాడు.

పావగడ పోస్టాఫీసులో టెలిగ్రాం ఫారం మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు: చివరి మాట నిన్న కాదు, నిన్నే. ఇంగ్లీషులోనూ దీర్ఘం కనబడలేదు. క్లర్కు బైలప్ప అది పైకి చదివి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఇదేందప్పా, ఒకటి తెలుగు, ఒకటి కన్నడం. రెండూ ఒకటే గదా? నిన్న కాదు నిన్న అని తంతి ఇస్తే వాళ్ళు నవ్వరా?"

"ఆ నిన్నె కాదు సార్. నిన్నే!"

"నన్నా?"

"మిమ్మల్ని కాదు సార్!"

వెనక మనియార్డర్ల వరుస కిసుక్కుమంది.

"మరి ఎవుర్ని? సరిగ్గా చెప్తేనే గదా, అర్థం వచ్చేటట్ల ఇంగ్లీషులో రాసేది?"

పదేళ్ళుగా నిండు సంతలో గొంతు చించుకుని బేరాలు చేసిన మనిషే గానీ, పెళ్ళికి ముందూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు ఆ మాట. పాపను భుజానికి ఎత్తుకుని భార్య వైపు తిరిగాడు.

"ఈమెను సార్. రంగా... నేను కోరుకున్నది నిన్నే."

వరుస మొత్తం మెడలు చాచింది. స్టాంపు కొట్టే చప్పుడు కూడా ఆగింది. రంగక్క నవలను మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి పుస్తకం అంచు మీదుగా రెండు కళ్ళు మాత్రం పైకి వచ్చాయి.

"సార్," అంది క్లర్కుతో, "ఇంకొకసారి అడగండి. నాకు సరిగ్గా ఇనపడలేదు."

బైలప్ప పెన్ను కింద పెట్టి, చేయి చెవికి ఆనించుకున్నాడు.

"ఎవుర్ని అంటివప్పా?"