చెక్క కప్పు కింద నేను

ఈ పట్నం మొత్తంలో, దెయ్యం నెత్తిమీద ఉండగా రాత్రంతా కదలకుండా ఉన్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే! అంటే... కదల్లేదన్నది నిజం. మొనగాడి సంగతి తర్వాత చూద్దాం.

మా పెద్ద చర్చి నడిమి హాలుకి అప్పటికే చెడ్డపేరు. పొద్దుగూకితే చాలు, పైకప్పులోంచి టక్... టక్... పరంజా మీంచి పడి చచ్చిన ముసలి వడ్రంగి ఆల్డ్రెడ్ ఇంకా మేకులు దిగ్గొడుతున్నాడని ఊరంతా గుసగుస.

ఆ కప్పు మాదే. గోడలు రాతి బరువు ఆపలేవని మా వడ్రంగి మేస్త్రీ థర్స్టన్ ఓక్ చెక్కతోనే కమాన్లు కట్టి, రాళ్ళు పేర్చినట్టు రంగు వేయించాడు. వేసింది నేనే.

"రాయి ఎప్పుడైనా రాత్రిళ్ళు మాట్లాడిందా, థర్స్టన్?" రాతి మేస్త్రీ గామెల్ ఎత్తిపొడిచాడు.

"పచ్చి చెక్క ఆరుతోందయ్యా. చిటపటమనక, కీర్తన పాడుతుందా?"

పెద్ద ఫాదర్ తేల్చేశాడు: వడ్రంగుల్లో ఒకడు తెల్లవార్లూ దాని కింద ఉండాలి. వాడు పారిపోయాడా, కప్పు పీకించేస్తానన్నాడు. రెండేళ్ళ పని!

"ఒరేయ్ ఆడ్‌కిన్, అందరికన్నా నోరు నీకే పెద్దది. నువ్వే పో," అన్నాడు మేస్త్రీ. తర్వాత నా భుజం పట్టుకుని మెల్లగా, "పరిగెత్తకురా నాయనా..." అన్నాడు.

తలుపు తీసే ఉంచారు. బయట గామెల్ కాపలా.

కొవ్వొత్తి ఆరిపోయింది. టక్...

చెక్కే. నాకు తెలుసు. నేను కోసిందే కదా.

టక్... టక్... దగ్గరికొస్తోంది. తెలిసిన సంగతులన్నీ చీకట్లో ఎక్కడికి పోతాయో! లేచాను. తలుపు వైపు ఒక్క అడుగు వేశానో లేదో —

ఫటేల్!

సరిగ్గా నడినెత్తిన పడి, పక్కకి దొర్లింది. కిటికీలోంచి పడే వెన్నెల్లో చూశాను... బూడిద రంగు, అంచున సున్నపు గీత. రాయి!

తెల్లారాక గామెల్ వచ్చేసరికి నేను వెల్లకిలా, గుండెల మీద చేతులు కట్టుకుని ఉన్నాను.

"ఏం గుండెరా వీడిది! హాయిగా నిద్రపోయాడు!"

కప్పు దక్కింది. మేస్త్రీ నన్ను వాటేసుకుని ఏడ్చాడు. ఆ ఏడాదంతా ఏ సారాకొట్టుకెళ్ళినా నా దగ్గర డబ్బులు పుచ్చుకోలేదు.

ఇక చెప్పేస్తాను. నేను నిద్రపోలేదు. నెత్తిన అంత రాయి పడ్డాక ఎవడైనా బతుకుతాడా? చచ్చిపోయాననుకున్నాను. చచ్చినవాడికి పరుగెందుకని పడుకున్నాను.

వెలుతురొచ్చాక తడుముకుంటే బొప్పి కూడా లేదు. పక్కన అరచెయ్యంత చెక్క పెంకు. రాయిలా కనబడుతుందో లేదోనని నేనే రంగేసి చూసి, పైన అంచు మీద మరిచిపోయిన ముక్క. గామెల్ అడుగుల చప్పుడు వినగానే చొక్కాలో దోపేసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

ఏం చెయ్యను... మరీ బాగా వేశాను.