చెల్లెలు దాచుకున్న ఏడుపులు

పొద్దున్నే అమ్మ చిన్నదాని పాలు రెండు గ్లాసుల్లోకి తిరగపోసి చల్లారుస్తోంది. పెద్దదాని పాలు పొగలు కక్కుతూ బల్ల మీదే ఉన్నాయి. ఊదుకుని తాగే నోరు దానికుంది కదా మరి.

చిన్నది ఊదకూడదు, ఏడవకూడదు. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలు ఇరుకైపోయే అరుదైన జబ్బు దానిది. గట్టిగా ఊదినా, వెక్కి వెక్కి ఏడ్చినా ఊపిరి వేగం పెరిగి, అందే కాస్త రక్తమూ అందక కుడిచెయ్యి వాలిపోతుంది. ఆపరేషన్ అయ్యేదాకా ఏడిపించొద్దన్నారు డాక్టరు. అంతే, ఆ ఇంట్లో ఏడేళ్ల పిల్ల ఆడింది ఆట, పాడింది పాట అయింది. పన్నెండేళ్ల అక్కకి అది చూస్తే ఒళ్లు మండిపోయేది. ఆ జబ్బేదో తనకే వచ్చినా బాగుండేదని కూడా అనుకుంది, పిచ్చిపిల్ల.

ఆరోజు బడిలో అక్కకి పాటల పోటీ. దానికోసం ఏరికోరి తెచ్చుకున్న నీలం గుడ్డని అమ్మ గౌనుగా కుట్టింది. కుట్టింది సరే, దాన్ని వేసుకుని గదిలోంచి వచ్చింది చెల్లెలు.

"అది నా గుడ్డ."

"రాత్రి తనకే కావాలని మూతి ముడిచిందే. ఏడుస్తుందేమోనని దాని కొలతకే కుట్టేశా..." అమ్మ తలెత్తలేదు. "నీకింకోటి కుడతాలే. పెద్దదానివి కదా."

"వేషాలమ్మా దానివి." అక్క చెల్లెలి వైపు తిరిగింది. "ఏడవ్వే, చూద్దాం. అసలు నువ్వు పుట్టకపోతే పీడా పోయేది."

చిన్నది ఏడవలేదు. పెదవులు బిగించి, గోడ వైపు చూస్తూ ముక్కుతో మెల్లగా ఊపిరి తీసుకుంది. కళ్లనిండా నీళ్లు నిలిచాయి. ఏడుపు ఆపుకున్నా, అమ్మ ఇచ్చిన పాలగ్లాసు చేతిలోంచి జారి పడింది. కుడిచెయ్యి వేలాడిపోయింది.

అమ్మ దాన్ని గబగబా పడుకోబెట్టి, నాన్నకి ఫోను చేయడానికి పరిగెత్తింది. అక్క ఆ చెయ్యి పట్టుకుంది. కాసేపటికి వేళ్లు కదిలాయి.

"అక్కా, మొన్న తలుపులో వేలు పడి ఎంతసేపు ఏడ్చావో కదా. నాకు భలే కుళ్లొచ్చింది."

"ఏడిస్తే కుళ్లేంటే?"

"నాకు ఏడ్చే వీల్లేదుగా. అన్నీ దాచుకుంటున్నా, ఆపరేషన్ అయ్యాక ఏడుద్దామని. ఇవాళ్టిదొక్కటీ నా బదులు నువ్వు ఏడ్చిపెట్టవా?"

అక్క నీలం గౌను అంచులో మొహం దాచుకుని భోరుమంది. చిన్నది లేచి కూర్చుని, ఎడమచేత్తో అక్క తల నిమురుతూ, చెవి దగ్గరికి వంగి అడిగింది.

"ఇంకొంచెం గట్టిగా, అక్కా."